చేదు గ్లాసు, ఉయ్యూరు బెల్లం

మా ఇంటి గంగాళం ఊరు దాటితే వెంట ఇంటి మనిషి ఒకరు వెళ్ళాలి. పెళ్ళికి పోయినా, తిరునాళ్ళ అన్నదానానికి పోయినా అంతే. వంద మందికి పప్పు ఉడికే రాగి పాత్ర అది. వెంట వెళ్ళినవాడు అది పొయ్యి ఎక్కడం చూడాలి, దిగడం చూడాలి, కడిగించి దానితోనే తిరిగి రావాలి. మా తాతగారి కాలంలో ఈ పనికి దివాణంలో ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు దివాణం లేదు, ఆ మనిషి లేడు, ఊళ్ళో మా పేర భూమీ లేదు. సింహద్వారం, దాని వెనుక రెండు గదులు, గంగాళం, నేను మిగిలాం. అందుకని ఈ మే నెలలో గంగాళం వెంట నేనే వెళ్ళాను. అది వెళ్ళింది బెజవాడలో కృష్ణ ఒడ్డున జరిగిన బీరు పండక్కి.

ఈ మాట విన్నవాళ్ళు మా ఊళ్ళో నన్ను ఇంకా వింతగానే చూస్తున్నారు. వాళ్ళ కోసమూ, ఆ వైపు ఎన్నడూ వెళ్ళని మరికొందరి కోసమూ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గంగాళం అడిగిన అమ్మాయి పేరు ఎస్తేరు. ఇబ్రహీంపట్నం ఆమెది. బెంగళూరులో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, ఊరి బయట ఒక చిన్న బ్రూవరీలో ట్యాంకు తీసుకుని సొంతంగా బీరు తయారుచేస్తోంది. పండగలో జనం ఎదుటే కాచి చూపించడానికి రాగి పాత్ర కావలసి వచ్చింది. మా ఊరి స్కూలు మేష్టారు ఎక్కడో పెట్టిన ఫొటోలో మా గంగాళం చూసి ఫోన్ చేసింది.

"అమ్ముతారా అండీ?"

"మా ఇంట్లో వస్తువులు అమ్మం."

"పోనీ అద్దెకి?"

"అద్దెకీ ఇవ్వం."

"ఊరికే అడిగితే ఇస్తారా అండీ?"

"అడిగితే ఇస్తాం" అన్నాను.

అప్పుడు మిగతాది చెప్పింది. పండగ రెండు సాయంత్రాలు. ఆరుగురు తమ తమ బీరు పెడతారు. జనం ఎక్కువగా మెచ్చిన మూడింటికి, పండగ జరిపే రెస్టారెంటు తన బీరు కుళాయిల్లో ఏడాది పాటు చోటిస్తుంది. ఆ మూడింటిలో తనది ఒకటి కాకపోతే ట్యాంకు వదిలేసి, బుధవారానికల్లా బెంగళూరు ఆఫీసులో ఉండాలి. సెలవు అంతవరకే. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఏమీ మారలేదు. అది నాకు నచ్చింది.

మెట్ట దిగాక

మాది కనిగిరి పడమటి మెట్ట. మా ఊరి డ్రైవరు మాలకొండయ్య దివిసీమ నుంచి మినుములు తెచ్చుకునే పని మీద తన మినీ వ్యాన్ తీస్తూ, పనిలో పనిగా బెజవాడ దాకా గంగాళాన్ని చేరుస్తానన్నాడు. గోనె పట్టాలు పరిచి, తాళ్ళతో నాలుగు వైపులా బిగించాడు.

"మన గంగాళం బీరుకా అయ్యా?" అన్నాడు ముడి వేస్తూ.

"కాచేది వాళ్ళు. చూసేది నేను."

"చూసేదేనా?"

"మర్యాదకి ఒక గుక్క" అన్నాను. మాలకొండయ్య రోడ్డు మీదికి ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ముందు సీట్లో ఇంజను వేడి భరించలేక ఒంగోలు దాటాక వెనక్కి మారాను. గంగాళానికి వీపు ఆనించి కూర్చుంటే రోడ్డంతా అందులో మోగింది. చీరాల దగ్గర సన్నగా, బాపట్ల దగ్గర లావుగా, రేపల్లె వైపు తిరిగాక తేనెటీగల గుంపులాగా. నిద్రా మెలకువా కాని ఆ స్థితిలో చుట్టూ నేల రంగు మారిపోవడం చూశాను. మా వైపు మే నెలలో భూమి కాల్చిన పెంకులా ఉంటుంది. ఇక్కడ కాలవలు కట్టేసిన రోజుల్లో కూడా అడుగున నీళ్ళు నిలిచి, వాటిలో ఆకాశం ఉంది. అరటి తోటలు నీడని కూడా ఆకుపచ్చగా వేస్తున్నాయి. ఇన్ని నీళ్ళు చూసిన మనిషి కలలో ఏం చూస్తాడా అనుకున్నాను.

పెనుమూడి వంతెన మీద మాలకొండయ్య తనంతట తానే బండి ఆపాడు. కింద కృష్ణ సముద్రానికి వెళ్ళడానికి తొందర లేనట్టు పడుకుని ఉంది. ఒక మనిషి మోకాటి లోతు నీళ్ళలో గేదెను తోలుకుంటూ అవతలి ఇసుక దిబ్బకి నడిచి వెళ్తున్నాడు. వాడు చేరేదాకా చూశాం. ఎందుకు చూశామో ఇద్దరికీ తెలియదు.

అవనిగడ్డలో భోజనం

ఆ రాత్రి మకాం అవనిగడ్డలో. లాడ్జి ఎదురుగా నాగమణి గారని ఒకావిడ నడిపే మెస్సులో భోజనం నూటిరవై రూపాయలు. వడ్డన మాత్రం పెళ్ళివారి వడ్డన. పప్పు, గోంగూర, వంకాయ, ఆ పైన కాకరకాయ కూర. నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. కాకరకాయ తియ్యగా ఉంది.

"బెల్లం వేశారా?"

"ముప్పావు వంతు బెల్లమేనండీ, పావు వంతు కాకరకాయ" అంది ఆవిడ గర్వంగా.

"మరి కాకరకాయ ఎందుకు తినడం?"

"ఒంటికి మంచిదని. చేదు తగిలితే ఎవరు తింటారండీ?"

మా ఇంట్లో తొలి ముద్ద చేదు. వేపపువ్వు వేయించి కొట్టిన పొడి, అన్నం, నెయ్యి. అది మింగాకే తక్కినవి. ఐదేళ్ళ పిల్లవాడికైనా మినహాయింపు లేదు. మొహం చిట్లించినవాడిని మా నాయనమ్మ భోజనం అయ్యేదాకా చూసేది కాదు. ఈ సంగతి చెప్పాను.

"తొలి ముద్దే! మా ఊళ్ళో గిట్టనివాళ్ళకి కూడా అలా పెట్టమండీ" అంది నాగమణి గారు. పక్క బల్ల మీది లారీ డ్రైవర్లు పొలమారేలా నవ్వారు. ఆవిడ లోపలికి వెళ్ళి మినప సున్నుండ ఒకటి తెచ్చి నా ఆకులో పెట్టింది. "ఇంద, ఇది తినండి. అంత చేదు విన్నాక నోరు మార్చుకోవాలి."

దానికి డబ్బు తీసుకోలేదు. ఈ సీమలో చేదు మాట విన్న మనిషికైనా తీపి పెట్టి పంపుతారని అక్కడ తెలుసుకున్నాను. అది మంచి గుణం అనే రాసుకున్నాను, నా నోటు పుస్తకంలో.

కూచిపూడిలో ఒక దెబ్బ

మర్నాడు తెల్లవారి కూచిపూడిలో టీ కోసం ఆగాం. ఏదో ఇంటి డాబా మీద నుంచి చాలా పాదాలు ఒకేసారి నేలను తాకుతున్న చప్పుడు. మనుషులు కనబడలేదు, చప్పుడు మాత్రమే. పది రూపాయల టీ. గ్లాసు చేతిలో ఉండగా, ఉతికిన పంచె కట్టుకున్న ఒక ముసలాయన వ్యాను దగ్గరికి వచ్చి, అడగకుండానే గోనె పట్టా తొలగించి, గంగాళం అంచు మీద వేలితో కొట్టాడు. చెవి దగ్గరగా పెట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"ఎవరండీ మీరు?" అన్నాను గట్టిగా.

"మృదంగం వాయించేవాణ్ణండీ. ఒకటిన్నర శ్రుతి పలుకుతోంది మీ గంగాళం. ఇదిగో ఇక్కడికి వచ్చేసరికి పడిపోతోంది. ఎప్పుడో దెబ్బ తగిలింది."

నిజమే. మా తాతగారి ఇల్లు జప్తుకి వచ్చిన రోజున ఎవరో మెట్ల మీది నుంచి దొర్లించారు. సొట్ట తీయించాం, కంటికి కనబడదు. ఆ ముసలాయనకి వినబడింది.

"బాగు చేయిస్తే శ్రుతి వస్తుందా?" అన్నాను.

"ఎందుకండీ? వంటకి శ్రుతి అక్కర్లేదు కదా" అని, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చేసి వెళ్ళిపోయాడు. నేను పర్సు తీసేలోపు మలుపు తిరిగాడు.

ఉయ్యూరు

మా ఇంటివాళ్ళం ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్ళం. ఉయ్యూరులో చెరకు ఫ్యాక్టరీ దాటాక, రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద బెల్లం అమ్ముతుంటే ఆగాను. కుండ అచ్చులు, బంగారం రంగువి ఒక వరస, నల్లగా ఉన్నవి ఒక వరస.

"ఏది మంచిది?"

"మీకు చూడ్డానికా, తినడానికా?" అన్నాడు అమ్మేవాడు.

"ఇవ్వడానికి."

"ఇవ్వడానికైతే అందరూ ఈ బంగారం రంగుదే పట్టుకెళ్తారండీ. దాన్లో మందు వేస్తారు. మా ఇంట్లో తినేది నల్లదే."

నల్లదే తీసుకున్నాను. ఐదు కిలోలు, మూడువందల యాభై. ముక్క విరిచి నోట్లో వేసుకుంటే చెరకు తోటకి మధ్యాహ్నం వేళ వచ్చే వాసన గొంతులోకి దిగింది. ఇంత మంచి వస్తువు ఇస్తున్నానని మనసులో కాస్త పొంగాను కూడా.

నది ఒడ్డున

పండగ జరిగేది బెజవాడలో నది ఒడ్డున, బ్యారేజీ కనబడే ఒక పచ్చిక మైదానంలో. నాలుగు గంటల ఎండకి నీళ్ళు తెల్లగా మండుతున్నాయి. పెద్ద ఫ్యాన్లు గాలితో పాటు నీటి తుంపర చల్లుతుంటే, దాంట్లో నుంచి నడిచి వచ్చే మనుషులు మబ్బులోంచి దిగుతున్నట్టున్నారు. ఆరు బల్లలు, ఆరు గొడుగులు. మామిడి బీరు, నిమ్మగడ్డి బీరు, తేనె బీరు. చివరి గొడుగు ఎస్తేరుది.

ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. జుట్టు ముడి వేసి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో నిలబడి ఉంది. గంగాళాన్ని చూడగానే దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"అంకుల్, ఇంత పెద్దదనుకోలేదండీ!"

నన్నంతవరకూ ఎవరూ అంకుల్ అనలేదు. "చింతపండుతో తోమాలి" అన్నాను.

ఆమె వెనక తెల్లచొక్కా పై గుండీ దాకా పెట్టుకున్న పెద్దాయన ఒకరు లేచి నమస్కారం పెట్టారు. ఎస్తేరు తండ్రి, దానియేలు గారు. థర్మల్ స్టేషన్ ల్యాబులో బాయిలరు నీళ్ళు పరీక్షించే పని చేసి రిటైరయ్యారు. చర్చిలో పెద్ద. మద్యం జీవితంలో ముట్టలేదు, కూతురు చేసింది కూడా. "నేను రుచి చూడనండీ. అమ్మాయికి తోడు నిలబడతానంతే" అన్నారు. చర్చిలో నలుగురూ నాలుగు మాటలు అంటున్నారట. అయినా గుండీ పెట్టుకుని వచ్చి అందరి ఎదుటా నిలబడ్డారు. బెల్లం ఆయన చేతికిచ్చాను. కళ్ళకద్దుకున్నంత పని చేసి తీసుకున్నారు.

ఎస్తేరు నాకు గ్లాసు నింపింది. చిన్న గ్లాసు, బయటివాళ్ళకి వంద రూపాయలు. రాగి రంగు, పైన తెల్లటి నురుగు. చేదు హాప్స్ నుంచి వస్తుందట. హాప్స్ అంటే చలిదేశాల్లో ఒక తీగకి పూసే పచ్చని పూలు. ఎండబెట్టి, నొక్కి, గుళికలు చేసి పంపుతారు. చేదుకి కొలత కూడా ఉంది. మామూలు సీసా బీరు పదీ పదిహేను ఉంటే, ఆమెది యాభై ఐదు.

"భయపడకుండా మింగండి అంకుల్."

మింగాను. ముందు బత్తాయి తొక్క గిల్లినప్పటి వాసన. తర్వాత ఏమీ లేదు. గుక్క దిగిపోయిందనుకున్నాక నాలుక వెనక నుంచి మెల్లగా చేదు లేచింది. గోడ మీద ఎండ జరిగినట్టు జరిగి, నోరంతా పరుచుకుని అక్కడే కూర్చుంది. నది వైపు చూస్తూ నిలబడ్డాను. ఫ్యాన్ల తుంపర, బ్యారేజీ గేట్లు, జనం మాటలు కాస్త దూరం జరిగాయి. నా ముందు అరిటాకు, దాని మీద తొలి ముద్ద, ఎదురుగా మా నాయనమ్మ మొహం.

"ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను. మా ఇంట్లో ఇంతకు మించి మెచ్చుకునే అలవాటు లేదు.

ప్రతి గ్లాసుతో ఒక చెక్కబిళ్ళ ఇస్తారు. ఏ బీరు రెండో గ్లాసు తాగాలనిపిస్తుందో ఆ బల్ల మీది పెట్టెలో బిళ్ళ వేయాలి. ఎస్తేరు దగ్గరికి జనం బాగానే వచ్చారు. తొలి గుక్కకి మొహం చిట్లించారు, అయినా తల ఊపారు. రెండో గుక్కకి మాత్రం గ్లాసు దూరంగా పెట్టి, బిళ్ళ జేబులో వేసుకుని మామిడి బీరు వైపు నడిచారు.

"మొదట్లో బానే ఉంది, తర్వాత విషం" అన్నాడొకాయన భార్యతో, ఎస్తేరు వింటుండగానే.

"మీకు ముందు కూడా బాలేదు, మొహమాటానికి తలూపారు" అంది ఆవిడ.

దానియేలు గారు మాత్రం వాళ్ళనెవరినీ ఊరికే పోనివ్వలేదు. గొడుగు చివర పళ్ళెంతో నిలబడి, తొలి గుక్క తాగి మొహం చిట్లించిన ప్రతివారికీ బెల్లం ముక్క అందించారు. "నోరు తీపి చేసుకోండి, ఉయ్యూరు బెల్లం. అదిగో, ఆయన తెచ్చారు." జనం నా వైపు తిరిగి నమస్కారాలు పెట్టారు. నేనూ పెట్టాను.

పెట్టెలో ఆ సాయంత్రం పడినవి పదకొండు బిళ్ళలు. పక్క గొడుగు వాళ్ళవి వందకి పైన.

"బెంగళూరులో ఇదే బీరు రెండేసి గ్లాసులు తాగేవాళ్ళండీ" అంది ఎస్తేరు, పెట్టె మూత మూస్తూ. "నీళ్ళ తేడానా, ఎండకి పాడైందా, అర్థం కావట్లేదు."

ఇబ్రహీంపట్నంలో కాఫీ

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే దానియేలు గారు నన్ను ఇంటికి పిలిపించారు. చాలా దూరం నుంచే థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనబడ్డాయి, పొగ నిలబడిన చోటే నిలబడి ఉంది. ఇంట్లో తండ్రీ కూతురే. ఉప్మా ఆయనే చేశారు. బల్ల మీద అరడజను గాజు గొట్టాలు, పరీక్ష కాగితాలు. తెల్లవారుజామునే లేచి బీరుకి వాడిన నీళ్ళు పరీక్షించారట.

"నీళ్ళల్లో లోపం లేదండీ. నా సర్వీసంతా చేసిన పని ఇది, పొరపాటు పడను."

ఉప్మా అయ్యాక పళ్ళెంలో బెల్లం ముక్క పెట్టి ముందుకు జరిపారు. "దేవుడు సమయానికి పంపినట్టు తెచ్చారండీ. నిన్న చేదు చేదంటూ బాధపడినవాళ్ళంతా నవ్వుతూ వెళ్ళారు."

తిన్నాను. కాఫీ అందుకుని తాగాను. కషాయం. నాలుక మడత పడింది.

నా మొహం చూసి ఆయన కంగారు పడ్డారు. "డికాషన్ ఎక్కువైందా?"

"బానే ఉంది కదా డాడీ" అంది ఎస్తేరు తన కప్పు తాగుతూ. ఆమె బెల్లం తినలేదు.

నా కప్పూ ఆమె కప్పూ ఒకే గిన్నెలోవి. చూస్తూ కూర్చున్నాను. నిన్న నేను తాగినప్పుడు ఇంకా బెల్లం పంచలేదు. పంచాక తాగినవాళ్ళంతా రెండో గుక్క దగ్గర ఆగిపోయారు. తీపి తగిలిన నోటికి చేదు రెట్టింపైంది, అంతే. నీళ్ళది కాదు, ఎండది కాదు.

చెప్పాలి. చెప్పడమంటే ఇచ్చిన బెల్లం తిరిగి ఇమ్మని అడగడం. మా వంశంలో భూములు పోయాయి, నగలు పోయాయి, ఒక్కటి మాత్రం ఎవరూ చేయలేదు. ఇచ్చిన చేత్తో వెనక్కి పుచ్చుకోలేదు. పైగా ఆ మనిషి తన కూతురికి చేయగలిగిన సాయం అదొక్కటే అనుకుంటున్నారు. ఆయన ఇంట్లో ఆయన ఉప్మా తిని ఆ మాట ఎలా అనడం? కప్పు కింద పెట్టి, "కాఫీ బాగుంది" అన్నాను.

రెండో సాయంత్రం

నాలుగింటికి మళ్ళీ మొదలైంది. తోమిన గంగాళం ఎండలో అస్తమించని సూర్యుడిలా ఉంది. దాని చుట్టూ జనం, ఫొటోలు. బెల్లం పళ్ళెం గొడుగు చివరే ఉంది. నేను ఆ పక్కనే కుర్చీలో, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు రావడం, తాగడం, బెల్లం తినడం, తాగలేక వెళ్ళిపోవడం చూశాను. పెట్టెలో బిళ్ళ పడిన చప్పుడు గంటన్నరలో నాలుగుసార్లు వినబడింది.

ఐదున్నరకి ఒక కాలేజీ లెక్చరర్ల జంట వచ్చింది. ఆవిడ తొలి గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "అబ్బ, ఎంత బాగుందండీ" అంది. ఎస్తేరు మొహం రెండు రోజుల్లో మొదటిసారి వెలిగింది. దానియేలు గారు పళ్ళెం చాపారు. ఆవిడ బెల్లం చప్పరించి మళ్ళీ తాగి, "ఇదేంటి, ఇలా అయింది?" అని గ్లాసు కేసి చూసుకుంది. ఎస్తేరు వెనక్కి తిరిగి ఖాళీ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. అవి కడిగినవే.

లేచాను.

"దానియేలు గారూ, ఆ బెల్లం నాకు తిరిగి ఇచ్చేయండి."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. "తప్పేమైనా జరిగిందా అండీ?"

"తీపి తిన్న నోటికి చేదు రెట్టింపు తగులుతుంది. పొద్దున మీ కాఫీకి ఏ లోపమూ లేదు, నా నోట్లో బెల్లం ఉంది."

ఎస్తేరు వెనక్కి తిరిగింది. పళ్ళెంలోంచి ముక్క తీసి నమిలి, తన బీరే ఒక గుక్క తాగింది. మొహం మొత్తం ముడుచుకుంది. "డాడీ!" అంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

దానియేలు గారు పళ్ళెం కేసి చాలాసేపు చూశారు. "నీళ్ళు పరీక్షించాను. బీరులోని గ్యాసు పరీక్షించాను. నన్ను పరీక్షించుకోలేదు."

"తెచ్చింది నేను" అన్నాను.

పళ్ళెం నా చేతికిచ్చారు. అవతలి చేత్తో నెత్తి గోక్కుంటూ, "మరి వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి పెట్టకుండా ఎలా అండీ?" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఉప్పు!" అన్నారు. "మా అమ్మ కాకరకాయ ముక్కలకి ఉప్పు పట్టించేది. ఉప్పు చేదుని అణుస్తుంది." చొక్కా గుండీ అలాగే ఉంచుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు. అక్కడ బండి మీద మామిడికాయ ముక్కలు అమ్ముతున్నారు, ఉప్పూ కారం జల్లి, పొట్లం ముప్ఫై రూపాయలు. బండిలో ఉన్నవన్నీ మాట్లాడుకుని, బండినే గేటు దాకా తోయించుకొచ్చారు.

ఆ తర్వాతి రెండు గంటలు నాకు వరుసగా గుర్తు లేవు. ఎండ నారింజ రంగుకి తిరిగింది. నది మీద పక్షులు ఒకే దిక్కుకి వెళ్ళాయి. మామిడికాయ కొరికి, చేదు తాగి, మళ్ళీ కొరికి, గ్లాసు ముందుకు చాపుతున్న చేతులు. ఎవరిదో పెళ్ళిలో ఉన్నట్టు తెలియని వాళ్ళంతా నన్ను పలకరించారు. గ్లాసులు అందించేవాళ్ళు చాలక, నేనూ బల్ల వెనక్కి వెళ్ళి అందించాను. వడ్డించడం మా ఇంట్లో మగవాళ్ళ పని కాదని అప్పుడు గుర్తు రాలేదు. చెక్కబిళ్ళలు పెట్టెలో వాన మొదలైనట్టు పడ్డాయి. ఎస్తేరు గంగాళం కింద గ్యాసు వెలిగించింది, ఈ ఊపు చూసి తర్వాతి విడతకి కావలసింది అప్పుడే కాచేస్తానని.

తొమ్మిది

ఏడున్నరకి రెస్టారెంటు మేనేజరు పెట్టెలు తెరిపించాడు. మామిడి, తేనె, నిమ్మగడ్డి. నాలుగోది ఎస్తేరుది. నిమ్మగడ్డి కంటే తొమ్మిది బిళ్ళలు తక్కువ.

"కొంచెంలో పోయిందండీ. మూడింటికే చోటుంది" అని అతను మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

నాలుగు నుంచి ఐదున్నర దాకా గంటన్నర. ఆ గంటన్నరలో తొమ్మిది బిళ్ళలు లేవని నేను అనుకోలేను. ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను.

"పొద్దున కాఫీ దగ్గరే నాకు తెలిసిందమ్మా."

ఆమె నా కేసి చూసింది. "చెప్పలేదేంటండీ?"

"ఇచ్చింది అడగడం మాకు రాదు."

"వచ్చింది కదా" అంది. "కాస్త లేటుగా."

నాకు పడాల్సింది పడింది. ఆమె వంగి గ్యాసు నాబ్ మీద చెయ్యి వేసింది.

"ఆగమ్మా" అన్నారు దానియేలు గారు. "మరిగేదాన్ని మధ్యలో ఆపకూడదు. ఎంతసేపు మరగాలి?"

"గంట. ఎందుకు డాడీ, ఇంక?"

ఆయన గంగాళంలోకి తొంగి చూశారు. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. "ఇప్పుడిది మందేనా?"

"కాదు. ఇంకా ఉడికిన బార్లీ నీళ్ళే. ఈస్ట్ పడి, పులిసి, రెండు వారాలైతేనే బీరు."

"హాప్స్ పడ్డాయా?"

"పడ్డాయి."

స్టీలు గ్లాసు తీసుకుని చాపారు. ఎస్తేరు అనుమానంగా ఒక గరిటె పోసింది. ఆయన ఊది ఊది చల్లార్చుకుని, బాయిలరు నీళ్ళని చూసినట్టు వెలుతురుకి పట్టి చూసి, తాగారు. మొహం ముందు తీపికి విచ్చుకుంది. తర్వాత చేదు వచ్చింది, అది వచ్చిన క్షణం నాకు కనబడింది. కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు బిగిశాయి. పక్కనే బల్ల మీద బెల్లం ఉంది. ఆయన చెయ్యి అటు వెళ్ళలేదు. చేదు పూర్తిగా దిగేదాకా అలాగే నిలబడ్డారు.

"ఇంకొంచెం పొయ్యి" అన్నారు.

ఎస్తేరు కదల్లేదు.

"పొయ్యమ్మా. బాగుంది." గ్లాసు మళ్ళీ చాపారు. "బెజవాడలో ఆ మూడు కుళాయిలేనా ఉన్నది? ట్యాంకు అద్దె సంగతి నేను చూస్తాను. రెండు వారాలు పులవాలంటున్నావు, దాన్ని వదిలేసి బుధవారం ఎక్కడికి పోతావు?"

ఆమె రెండో గరిటె పోసింది. కొంచెం ఒలికి ఆయన చొక్కా మీద పడింది, ఇద్దరూ చూసుకోలేదు. తర్వాత రబ్బరు తొడుగులు విప్పి, ఫోన్ తీసుకుని, నది వైపు గట్టు దాకా నడిచింది. ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గాలికి మాటలు చెదిరిపోతున్నాయి. "సారీ సర్" అన్నది ఒక్కటి స్పష్టంగా వినబడింది, రెండుసార్లు.

దానియేలు గారు గంగాళం పక్కన నిటారుగా నిలబడి, మణికట్టు తిప్పి వాచీ చూసుకున్నారు.

"ఇంకా పద్నాలుగు నిమిషాలు" అన్నారు.